మాచిపత్రి సెగ

పట్నంలోని పెద్దాసుపత్రిలో మా ఆయనకు సూది ఇచ్చే ముందు ప్రతిసారీ రక్తం తీసి చూసేవాళ్లు. అందులో తెల్ల కణాలు చాలినన్ని ఉంటే సూది పడేది. లేకపోతే ఇంటికి పోయి మళ్లీ రమ్మనేవాళ్లు. ఆ మందు మెడ కింది గడ్డలను కరిగిస్తుంది గానీ, దాంతోపాటు ఒంట్లో రక్తాన్ని కూడా తగ్గిస్తుందని డాక్టరు మొదటి రోజే చెప్పాడు. గడ్డలు కరగాలంటే సూది పడాలి, సూది పడాలంటే రక్తం ఉండాలి, ఉన్న రక్తాన్ని తినేసేది ఆ సూదే. ఇదేం తిరకాసో నాకు ఆనాడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

మేము మందమర్రిలో కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. హైదరాబాదు స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. మా అత్తకు మాత్రం సర్కారంటే ఇంకా నిజాం సర్కారే. మావి కరీంనగర్ వైపు నేతపని కుటుంబాలు. మగ్గం మీద రోజులు గడవక మా ఆయన బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. భూమి కింద బొగ్గు నింపే పని. ఒళ్లు గట్టి మనిషి, షిఫ్టు దిగి వచ్చాక కూడా నీళ్ల బిందెలు రెండు చేతులా మోసుకొచ్చేవాడు. అట్లాంటి మనిషికి మెడ కింద నిమ్మకాయంత గడ్డలు లేచి, జ్వరాలు పట్టుకుని, ఒళ్లంతా సగమైతే కంపెనీ డాక్టరు పట్నం తీసుకుపొమ్మన్నాడు.

మంచిర్యాలలో రైలెక్కి సికింద్రాబాదులో దిగేసరికి ఇద్దరి ఒళ్లూ హూనమయ్యేవి. ఆసుపత్రి వరండాలో దుప్పటి పరుచుకుని వంతు కోసం కూర్చోవడం, వంతు వచ్చాక వేలు గుచ్చి రక్తం తీయడం, మళ్లీ కూర్చోవడం. ఇంత చేసి సూది లేకుండా వెనక్కి వచ్చే రైలు మహా పొడుగ్గా అనిపించేది. నాకు ముక్కు మీదే కోపం. మొదట్లో డాక్టరు మీద, ఆయా మీద, రైల్లో ఎదుటి బల్ల మీద జామకాయలు నములుతూ మమ్మల్నే చూసేవాళ్ల మీద, అందరి మీదా కోపమొచ్చేది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండాలని ఆ ఏడాదే తెలిసింది. తర్వాత్తర్వాత కిటికీకి తల ఆనించి ఊరికే కూర్చునేదాన్ని.

ఆయన పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం కారేది. ముఖం కడుక్కుంటే ముక్కులోంచి వచ్చేది. నడి వేసవిలో, మా క్వార్టరు రేకులు పెనంలా కాలుతున్నప్పుడు, ఆయన రెండు బొంతలు కప్పుకుని చలి అనేవాడు. కాళ్లు పట్టుకుంటే మంచు ముద్దల్లా ఉండేవి. రక్తం పట్టాలని కాలనీలో ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. మేక కార్జం పెట్టమన్నారు, ఖర్జూరాలు నానబెట్టమన్నారు, బీట్‌రూట్ ఉడకబెట్టమన్నారు. మా అత్త కొండగట్టు అంజన్నకు మొక్కింది. నేను అన్నీ చేశాను. ఆయన రెండు ముద్దలు తిని, వండినదాన్ని చిన్నబుచ్చకూడదని బాగుందని చెప్పి, పళ్లెం పక్కకు జరిపేవాడు.

మా వెనక వరసలో ఒక ముసలావిడ ఉండేది. అందరూ రంగూన్ పెద్దమ్మ అనేవాళ్లు. వాళ్ల పెద్దలు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి బర్మా పోయారట. ఆమె అక్కడే పుట్టి, అక్కడే ముసలిదై, ఆ దేశం వాళ్లు పొమ్మంటే కొడుకుతో కలిసి తిరిగొచ్చింది. ఆ కొడుకు మా ఆయన షిఫ్టులోనే పనిచేసేవాడు. ఆయన సంగతి విని ఒకరోజు చూడటానికి వచ్చింది. మంచం పక్కన కూర్చుని ఆయన పాదాలు పట్టుకుని చూసింది.

రంగూన్‌లో వాళ్ల వీధిలో ఒక చీనా వైద్యుడు ఉండేవాడట. ఈమె వాళ్లింట్లో ఆకు దంచే పని చేసిందట. ఆ ఆకును చుట్టలా చుట్టి, అంటించి, ఆ నిప్పును ఒంటికి దగ్గరగా పట్టి సెగ తగిలించేవాడట. కాన్పులో రక్తం పోయి లేవలేని ఆడవాళ్లకు ఎక్కువగా అదే చేసేవాడని చెప్పింది. మాది కాన్పు కాదు కదా పెద్దమ్మా అన్నాను, కాస్త విసురుగానే. ఆమె ఏమీ అనుకోలేదు.

"గడ్డల సంగతి నాకు తెలీదమ్మా," అంది. "రక్తం తగ్గి చల్లబడిపోయిన మనిషికి ఇది వేడి పట్టిస్తుంది. నేను చూసింది అంతే, చెప్పగలిగిందీ అంతే."

ఇంతకంటే ఎక్కువ చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. అప్పటికే చాలామంది చాలా ఎక్కువ చెప్పి పోయారు.

ఆ ఆకును అక్కడ వేరే పేరుతో పిలిచేవాళ్లట. ఇక్కడికొచ్చాక వినాయకచవితి పత్రిలో చూసి, నలిపి వాసన చూసి గుర్తుపట్టిందట. అది మన మాచిపత్రి. మంచిర్యాలలో పూలమ్మే ఆమెకు చెప్పి కట్టలు కట్టలు తెప్పించాం. నీడన ఎండబెట్టి, రోట్లో దంచి, పుల్లా ఈనే ఏరి పారేస్తే చివరికి దూదిలాంటి పొట్టు మిగిలేది. దాన్ని పల్చని కాగితంలో వేలంత లావున చుట్టాలి. వదులైతే నిప్పురవ్వలు రాలతాయి, మరీ బిగిస్తే ఆరిపోతుంది. పుట్టింట్లో మగ్గానికి కండెలు చుట్టిన చేతులు నావి. పెద్దమ్మ ఆ ఒక్క పనిలో నాకు వంక పెట్టలేదు.

మిగతా అన్నింటికీ పెట్టింది. మోకాలి చిప్ప కింద బయటి వైపు నాలుగు వేళ్లు కొలిచి ఒక చోటు చూపించింది, నడుము దగ్గర వెన్నుకు అటూ ఇటూ ఒక్కో చోటు. చర్మానికీ నిప్పుకూ మధ్య రెండు వేళ్ల ఎడం ఉండాలి. నా ఎడమచేతి వేలు ఆ చోటు పక్కనే పెట్టుకోవాలి. ఆయనకు తగిలే వేడి నాకూ తగలాలి. చర్మం కాస్త ఎర్రబడగానే జరపాలి. "ఆనించకూడదు తల్లీ," అని ఎన్నిసార్లు చెప్పిందో. "లోపలికి పోవలసింది సెగ. నిప్పు కాదు."

మొదలుపెట్టే ముందు పట్నంలో డాక్టరును అడిగాను. డాక్టరు నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. ఇట్లాంటి దాని గురించి తాను చదవలేదన్నాడు, దీనితో రక్తం పెరుగుతుందని తాను చెప్పలేనన్నాడు. వెచ్చగా కాపితే నష్టం లేదు గానీ ఒళ్లు మాత్రం కాలకూడదన్నాడు. ఈ రక్తంతో పుండు పడితే మానదు, చీము పడితే ప్రాణం మీదికి వస్తుంది, పుండున్న మనిషికి సూది ఇవ్వలేం అని మూడూ విడివిడిగా చెప్పాడు. నేను తల ఊపాను. ఇంటికొచ్చి అత్తకు కూడా అదే చెప్పాను. ఆమె కూడా తల ఊపింది.

పొద్దున షిఫ్టు సైరన్ మోగాక ఒకసారి, పొద్దు గూకే ముందు ఒకసారి సెగ పట్టేదాన్ని. ఇల్లంతా పూజ గదిలా వాసన వేసేది. పక్కింటివాళ్లు ఇవాళేం నోము అని అడిగేవాళ్లు. ఆయనకు అప్పటికింకా వేళాకోళం పోలేదు. "పొగబెట్టి నన్ను ఎల్లగొడ్తున్నవా ఏంది?" అనేవాడు. కాసేపటికి కాళ్లలో వేడి పాకిందనేవాడు. ఇంకాసేపటికి నిద్రపోయేవాడు. ఆ నిద్ర చూస్తూ కూర్చుంటే నాకూ కళ్లు మూతలు పడేవి. కానీ చేతిలో నిప్పుంది. నిద్రాపుకోవడమే ఆ వైద్యంలో కష్టమైన పని.

ఆ తర్వాత పట్నం పోయినప్పుడు రక్తం సరిపోయింది. సూది పడింది. అది మాచిపత్రి వల్లనో, మధ్యలో నాలుగు రోజులు ఎక్కువ గడవడం వల్లనో నాకు తెలియదు. తెలుసని ఎవరైనా అంటే వాళ్లతో కొట్లాడే ఓపిక నాకు లేదు. కాలనీలో మాత్రం ఈ సంగతి గుప్పుమంది. మా అత్త అంజన్నకూ, రంగూన్ పెద్దమ్మకూ సమానంగా దండం పెట్టింది. ఆ సంతోషంలోనే ఆమెకు ఆ ఆలోచన వచ్చి ఉంటుంది.

అత్త సంగతి కాస్త చెప్పాలి. ఆమెకు పుట్టినవాళ్లలో దక్కింది మా ఆయన ఒక్కడే. పసితనంలో ఆయనకు కడుపుబ్బి పాలు తాగడం మానేస్తే, వాతలు పెట్టే ఒకాయనను పిలిపించింది. కాల్చిన పసుపుకొమ్ముతో బొడ్డు చుట్టూ వాతలు పెట్టించింది. పిల్లాడు కెవ్వుమని ఏడ్చి, ఏడ్చి, ఆ తర్వాత పాలు తాగాడట. ఆ మచ్చలు పెద్దయ్యాక కూడా ఆయన పొట్ట మీద ఉండేవి. కామెర్లకు, పక్షవాతానికి, పిల్లల జబ్బులకు మా వైపు అందరూ వాతలు పెట్టించుకునేవాళ్లే, అత్త మణికట్టు మీద కూడా రెండున్నాయి. ఆమె లెక్కలో ఆమె కొడుకు వాత వల్ల బతికిన మనిషి. నిప్పు ఒంటికి తగిలితేనే జబ్బు వదులుతుంది. దూరం నుంచి చూపించి తీసేస్తే నిప్పుకేం తెలుస్తుంది? కోడలు భయస్తురాలు, మొగుణ్ని కాల్చడానికి చేయి రాక దూరంగా పట్టుకుంటోంది అనుకుంది. అట్లా అనుకుందని తర్వాత ఆమే చెప్పింది.

అంగడి రోజు నేను కూరగాయలకు పోయాను. వచ్చేసరికి గుమ్మంలోనే మాచిపత్రి వాసనలో కలిసి ఇంకో వాసన వచ్చింది. ఆ వాసన ఏమిటో తెలియనట్టు ఒక క్షణం నిలబడ్డాను. లోపల ఆయన పళ్లు బిగించి పడుకుని ఉన్నాడు. రెండు మోకాళ్ల కిందా, నడుము మీదా పైసంత పైసంత కాలిన మచ్చలు. నేను సెగ పట్టే చోట్లే, వేలు కొలిచినట్టు సరిగ్గా పెట్టింది. అత్త పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతోంది. ఆమె ముఖంలో అంత నిబ్బరం ఆ ఏడాదంతా నేను చూడలేదు.

"ఇగ రక్తమెట్ల రాదో సూద్దాం," అంది.

చేతిలోని సంచి అక్కడే వదిలేశాను. చుట్టలన్నీ తీసుకుపోయి మోరీలో పారేశాను. వాటిని చుట్టింది నేనే అని, మళ్లీ చుట్టాల్సిందీ నేనే అని అప్పుడు గుర్తు రాలేదు. వచ్చి అత్త ముందు నిలబడ్డాను. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేదేమో.

"ఇయ్యాల్టి సంది నువ్వాయన ఒంటి మీద చెయ్యి వెయ్యకు అత్తా," అన్నాను. "ఈ నిప్పు నీ చేతికి మళ్ల ఇయ్య."

ఆయన మంచంలోంచే అన్నాడు, అవ్వనేం అనవద్దని, తానే పెట్టనిచ్చానని. నాకు ఆయన మీద కూడా ఒళ్లు మండింది. డాక్టరు చెప్పింది విన్న చెవులు కావా అవి? కానీ ఆయన తల్లి చేతిని ఎన్నడూ కాదన్న మనిషి కాడు. బతకాలన్న ఆశ కూడా ఉంది ఆయనకు, ఏ చేయి ఇస్తే ఆ చేతి నుంచి తీసుకునేంత ఆశ.

డాక్టరు చెప్పినట్టే అయింది. నడుము మీది మచ్చలు మానాయి గానీ కాళ్లవి చీము పట్టాయి. జ్వరం వచ్చింది. కంపెనీ దవాఖానలో పడుకోబెట్టి రోజూ కట్లు కట్టారు. ఆ కాళ్లతోనే పట్నం తీసుకుపోతే డాక్టరు కట్టు విప్పి చూసి, నా వైపు చూశాడు. ఎవరు చేశారని అడగలేదు. పుండు మానేదాకా సూది లేదన్నాడు. అవి మానడానికి వానకాలం మొత్తం పట్టింది. ఆలోగా మెడ కింద కరిగిన గడ్డలు మళ్లీ చేతికి తగలడం మొదలుపెట్టాయి. ఒక్కోరోజు ఆయన నిద్రపోతున్నప్పుడు తడిమి చూసేదాన్ని. ఎందుకు చూశానా అనుకునేదాన్ని.

అత్త నా మాట దాటలేదు. అన్నం వండి పళ్లెం నా చేతికిచ్చేది. బట్టలు ఉతికి, మడిచి, మంచం కోడు దగ్గర పెట్టి వెనక్కి జరిగేది. ఆయన దగ్గితే గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది. ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు నన్ను దెప్పారు. కన్నతల్లిని అంత దూరం పెట్టడమేమిటన్నారు. నేను చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆయనకు సూది పడే దారి ఒక్కటే ఉంది, దానికి అడ్డం ఎవరొచ్చినా నేను అట్లాగే అనేదాన్ని. కానీ ఆమె గుమ్మం దగ్గర ఆగిపోయినప్పుడల్లా నాకు చూడబుద్ధయ్యేది కాదు.

పుండ్లు మానాక మళ్లీ మాచిపత్రి దంచి, చుట్టి, సెగ మొదలుపెట్టాను. రక్తం ఒకసారి పెరిగేది, ఒకసారి పడిపోయేది. ఒక సూది పడింది. దాని తర్వాత మాత్రం రక్తం కోలుకోలేదు. మళ్లీ మళ్లీ పోయాం. ఒకసారి డాక్టరు ఆయనను బయట బల్ల మీద కూర్చోబెట్టి నన్ను లోపలికి రమ్మన్నాడు. రక్తాన్ని పుట్టించేది ఎముకల్లోని మూలుగ అని, అది అలిసిపోయిందని, ఇక సూది ఇస్తే గడ్డ కంటే ముందు మనిషి పోతాడని చెప్పాడు. ఇంటి దగ్గరే ఉంచుకోమన్నాడు. ఇష్టమైనది పెట్టమన్నాడు.

బయటికొచ్చి ఆయనకు ఎట్లా చెప్పాలా అని నిలబడితే, నా ముఖం చూసి ఆయనే లేచాడు. రైలు కాజీపేట దాటింది. నాకు ఏడుపు రాలేదు. ఉన్నమాట చెప్తాను, నాకు భుజాల మీది నుంచి ఏదో దిగినట్టయింది. ఇక ఈ రైలెక్కనక్కర్లేదు, ఆ వరండాలో దుప్పటి పరవనక్కర్లేదు, రక్తం ఎంతుందని ఒకరి నోటివైపు చూడనక్కర్లేదు. ఇట్లా అనిపించినందుకు ఆ తర్వాత భయపడ్డాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, ఇగ ఈ రైలు తిప్పలు లేవు అన్నాడు. ఆయనకూ అదే అనిపించిందని తెలిసి చెయ్యి పట్టుకున్నాను.

మంచిర్యాల దగ్గరపడుతుండగా ఒక్క మాట అడిగాడు. "అవ్వకు చెప్పకు. నా వల్లనే గిట్లయిందని సస్తది." నేను సరేనన్నాను. ఇంటికొచ్చి, రక్తం కాస్త తక్కువుంది, వచ్చే నెల రమ్మన్నారని అత్తకు చెప్పాను. ఆమె అంజన్నకు దండం పెట్టుకుంది.

సెగ మాత్రం ఆపలేదు. రక్తం కోసం కాదు. ఆయనకు చలి ఎక్కువైంది, అది పట్టినప్పుడే కాసేపు వణుకు ఆగేది. నాకు ఒంట్లో శక్తి పూర్తిగా అయిపోయింది. అన్నం కలుపుతూ నిద్రపోయేదాన్ని, నీళ్ల పంపు దగ్గర నిలబడి నిద్రపోయేదాన్ని. ఒకరోజు పొద్దు గూకే వేళ చుట్ట అంటించి ఆయన కాలి దగ్గర పట్టుకున్నాను. ఒక తూగు తూగాను. కళ్లు తెరిచేసరికి నిప్పు చర్మానికి గోరంత దూరంలో ఉంది. చెయ్యి వెనక్కి లాక్కుని అటూ ఇటూ చూశాను. అత్త గుమ్మం దగ్గర కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

"అత్తా, జర నువ్వు పట్టు," అన్నాను. "నాతోని అయితలేదు."

ఆమె లేవలేదు. చేట మీది చేతులు ఆగిపోయాయి. నా చేతిలోని చుట్టను చూసింది, నన్ను చూసింది. నేను అలసిపోయి అన్నాను, అంతకుమించి ఏమీ ఆలోచించలేదు. ఆలోచించింది ఆమె.

"నా చేతికిస్తున్నవ్," అంది మెల్లగా. "ఇగ సూది లేదన్నరా బిడ్డా?"

అబద్ధం చెప్పాలనే నోరు తెరిచాను. ఆయన కళ్లు తెరిచి తల్లిని చూశాడు. అప్పుడు ఆమె లేచింది. తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వచ్చి నా చేతిలోంచి చుట్ట తీసుకుంది. ఆయన కాలి దగ్గర కూర్చుని దాన్ని జానెడు ఎత్తున పట్టుకుంది. అంత ఎత్తు నుంచి సెగ ఏమీ తగలదు. అయినా చెయ్యి దించడం లేదు.

"జర దగ్గరికి పెట్టవ్వా," అన్నాడు ఆయన. "సలి పెడ్తుంది."

ఆమె ఎడమచేతి వేలు ఆయన కాలి మీద పెట్టి, కొంచెం కొంచెంగా దగ్గరికి దించింది. నేను అక్కడే చాప మీద ఒరిగి నిద్రపోయాను.